గ్యాస్ ఫైర్‌ప్లేస్‌లో మసి

ప్రశ్న: మేం చికాగో దగ్గర ఉంటున్నాం. మా గ్యాస్ ఫైర్‌ప్లేస్ గాజుకీ, లోపలి సిరామిక్ దుంగలకీ మసి పడుతోంది. తుడిచినా వారంలో మళ్లీ వస్తోంది. ఏం చేయమంటారు?

జవాబు: తుడవడం తర్వాత. ముందు మసి ఎందుకు వస్తోందో చూడాలండి. గ్యాస్ పూర్తిగా మండితే మసి రాదు. ఎక్కువగా గాలి చాలకపోవడమే కారణం. బర్నర్‌కు గాలి అందే రంధ్రాలకు దుమ్ము, పెంపుడు జంతువుల వెంట్రుకలు, సాలెగూళ్లు అడ్డుపడతాయి. చాలామంది పట్టించుకోని కారణం ఇంకొకటుంది. శుభ్రం చేశాక దుంగలను కొద్దిగా పక్కకు పెట్టినా మంట నేరుగా వాటికి తగులుతుంది. అక్కడ చల్లబడి, సగం మండిన కార్బన్ మసిగా పేరుకుంటుంది. కంపెనీ ఇచ్చిన పుస్తకంలోని బొమ్మ ప్రకారమే వాటిని అమర్చండి.

గ్యాస్ కట్టేసి, అంతా చల్లారాకే మెత్తని బ్రష్‌తో దులపండి. గాజుకు అమ్మోనియా ఉన్న ద్రవాలు వాడొద్దు. గాలి సర్దుబాటు జోలికి మాత్రం మీరు వెళ్లకండి, అది టెక్నీషియన్ పని. ఏటా ఒకసారి ఆయనతో తనిఖీ చేయించండి.

మసి వస్తున్నచోట కార్బన్ మోనాక్సైడ్ కూడా ఉండొచ్చు. దానికి రంగూ వాసనా లేవు, ప్రాణం తీస్తుంది. ఇంట్లో అలారం లేకపోతే ఇవాళే పెట్టించండి. తలనొప్పి, వికారం అనిపిస్తే వెంటనే అందరూ బయటికి వచ్చి 911కు ఫోన్ చేయండి. తనిఖీ అయ్యేదాకా దయచేసి ఫైర్‌ప్లేస్ వెలిగించకండి.