పూలగుచ్ఛములకు పూరక పుష్పములు

గులాబీ, గ్లాడియోలస్ వంటి పెద్దపూలు ఎంత అందమైనవైనను, వానిని మాత్రమే కట్టగా కట్టినచో నడుమ సందులు మిగిలి కాడలు బయటపడును. ఆ సందులను నింపి గుచ్ఛమునకు నిండుదనము తెచ్చు చిన్న పూలరెమ్మలే పూరక పుష్పములు. మన దండలలో మరువము, దవనము చేయు పనినే ఇవి గుచ్ఛములలో చేయును.

ఎట్లు ఎన్నుకొనవలెను?

పూలు చిన్నవై, రెమ్మ విరివిగా కొమ్మలు వేయవలెను. ప్రయాణమునకు ఓర్చుకొనవలెను. అన్నిటికన్న ముఖ్యముగా, పెద్దపూలకన్న ముందు వాడరాదు. గులాబీ తాజాగా నున్నను ప్రక్కరెమ్మ వాడినచో గుచ్ఛమంతయు పాతదిగా కనుపించును. కొన్నవారు మరల ఆ సరుకు అడుగరు.

గోల్డెన్ రాడ్: ఇది ఉత్తర అమెరికానుండి వచ్చిన బహువార్షిక మొక్క, పసుపుపచ్చని వెన్నులు వేయును. మైదానములలో బాగుగా పెరుగును. పిలకలను 30 సెం.మీ. ఎడముతో నాటవచ్చును. కోసిన పిదప మొదళ్ళనుండి మరల పిలకలు లేచును గనుక ఏటేట విత్తనము కొననక్కరలేదు. క్రొత్తగా పెంచువారికి ఇదియే తగినది.

జిప్సోఫిలా: తెల్లని చుక్కలవంటి పూలు. బహువార్షిక రకమునకు చల్లదనము, దీర్ఘమైన పగళ్ళు కావలెను. మైదానములలో ఏకవార్షిక రకమును చలికాలపు పంటగా విత్తుట మేలు. నీరు నిలిచినచో వేళ్ళు కుళ్ళును.

స్టాటిస్: కాగితమువలె నుండు రక్షకపత్రములే దీనికి రంగునిచ్చును. అవి ఎండినను రంగు పోదు. మిగిలిన సరుకును తలక్రిందులుగా వ్రేలాడదీసి, నీడలో ఆరబెట్టి ఎండుపూలుగా అమ్మవచ్చును.

కోత, రవాణా

ఉదయపు చల్లని వేళ కోసి, కాడలను వెంటనే శుభ్రమైన నీటిలో నుంచవలెను. నీటిలో మునుగు ఆకులను తీసివేయవలెను. గోల్డెన్ రాడ్ వెన్నులో మూడవ వంతునుండి సగమువరకు పూలు విచ్చినపుడును, జిప్సోఫిలా రమారమి సగము విచ్చినపుడును కోయవలెను. స్టాటిస్‌ను మాత్రము దాదాపు అంతయు రంగుదేరిన పిదపనే కోయవలెను. లేతగా కోసినచో వాడిపోవును.

పండుచున్న అరటి, మామిడి పండ్లనుండి వెలువడు ఎథిలీన్ వాయువు జిప్సోఫిలాకు హాని చేయును. కావున పూలను పండ్ల బుట్టలతో ఒకే బండిలో పంపరాదు.

నాటుటకు ముందు

బజారునుండి ఈ రెమ్మలను కొన్ని తెచ్చి, ఒక గులాబీతో కలిపి నీటి కూజాలో నుంచుడు. గులాబీకన్న ముందు వాడినదానిని విడిచిపెట్టుడు. పిదప మీ దగ్గరి పట్టణములో గుచ్ఛములు కట్టువారిని కలిసికొని, ఏ రెమ్మ, ఏ నెలలలో, ఎన్ని కట్టలు కావలెనో కనుగొనుడు. ముందుగా రెండు మూడు సెంట్లలో వేసి చూచి, అమ్మకము కుదిరిన పిదపనే విస్తీర్ణము పెంచుట రైతునకు క్షేమము.