ఇంటర్‌ఫేసు అనగానేమి?

విద్యార్థులారా, కంప్యూటరు పాఠములలో మీరు తఱచుగా వినుచున్న మాట ‘ఇంటర్‌ఫేసు’. దాని నిర్వచనమును ఒప్పజెప్పువారు పెక్కురు. విప్పి చెప్పువారు కొలదిమంది. కావున చేతికందు వస్తువులతో దానిని వివరింపవలెనని తలంచితిమి.

గోడగడియారమును చూడుడు. వెనుకటి గడియారములు కీ యిచ్చు స్ప్రింగుతో నడిచెడివి. నేటివి బ్యాటరీతోను, క్వార్ట్జు స్ఫటికముతోను నడచుచున్నవి. లోపలి యంత్రము సాంతముగ మాఱినది. అయినను పండ్రెండంకెలును, రెండు ముండ్లును మాఱలేదు గనుక, తాతయు మనుమడును ఒక్కరీతిగనే వేళ చూచుకొనుచున్నారు. ఆ ముఖమే మనుష్యునికిని యంత్రమునకును నడుమనున్న ఇంటర్‌ఫేసు.

ఇక యంత్రభాగమునకును యంత్రభాగమునకును నడుమ నుండుదాని మాట. పూర్వము ఒక్కొక్క కర్మశాలవారు తమకు తోచిన కొలతతో బోల్టులకు మరచుట్లు కోసెడివారు. నట్టు పోయినచో ఆ కర్మశాలకే పోవలసివచ్చెడిది. 1841లో ఇంగ్లండునందు జోసెఫ్ విట్‌వర్త్ అను యంత్రశిల్పి, చుట్టు కోణము 55 డిగ్రీలుగను, ఒక్కొక్క లావునకు అంగుళమునకిన్ని చుట్లుగను ఉండవలెనని ప్రతిపాదించెను. అటుపిమ్మట నట్టు చేయువాడు బోల్టు చేయువానిని ఎఱుగనక్కఱలేకపోయెను.

సాఫ్ట్‌వేరునందును ఇంతే. పెద్ద ప్రోగ్రామును పలువురు పలుభాగములుగా వ్రాయుదురు. ‘నాకు ఈ రూపమున ఇది యిమ్ము, నీకు ఆ రూపమున అది యిత్తును’ అని ప్రతిభాగమును ముందుగనే ప్రకటించును. లోపల ఎట్లు చేయుననునది దాని సొంత విషయము. 2016లో ఆరంభమైన యు.పి.ఐ. నెఱుగనివారు మనలో అరుదు. ఆ పేరులోని కడపటి అక్షరము ఇంటర్‌ఫేసే. చెల్లించువాని బ్యాంకొకటి, అంగడివాని బ్యాంకు మఱొకటి, ఫోనులోని యాప్ వేఱొకరిది. అయినను పైకము చేరుచున్నదనిన, అందఱును ఒకే మరచుట్టునకు లోబడుటచేతనే.

అయితే ఈ యుపమానమునకు ఒక హద్దు కలదు. దానిని దాచుట తగదు. చుట్లు సరిపడనిచో నట్టు ఎక్కదు. ఆ సంగతి చేతికే తెలియును. గుంతకల్లులో 1000 మిల్లీమీటర్ల మీటరుగేజియు, 1676 మిల్లీమీటర్ల బ్రాడ్‌గేజియు కలిసిన కాలమున ఒక దారి బండి మఱొక దారిపై ఎక్కజాలదు గనుక, సరకును దించి మరల ఎక్కించెడివారు. శ్రమయేగాని మోసము లేదు. అంకె యట్టిది కాదు. అది ఏ రంధ్రమునందైనను జొరబడును.

అమెరికా దేశపు నాసావారు 1998 డిసెంబరు 11న అంగారకుని యొద్దకు మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ అను నౌకను పంపిరి. దాని చిన్న రాకెట్ల తాకిడిని లెక్కించి, భూమిమీది యొక ప్రోగ్రాము పౌండు-బల సెకండ్లలో అంకెలిచ్చెను. వానిని పుచ్చుకొన్న ప్రోగ్రాము న్యూటను-సెకండ్లని తలంచెను. ఒక పౌండు-బలము ఇంచుమించు 4.45 న్యూటనులు; కాగా తాకిడి అన్ని రెట్లు తక్కువగా లెక్కకు వచ్చినది. ఒడంబడిక లేకపోలేదు, మెట్రిక్ కొలతలే వాడవలెనని పత్రమున వ్రాసియే యుండెను. సరిచూచినవారే లేరు. 1999 సెప్టెంబరు 23న, 226 కిలోమీటర్ల యెత్తున పోవలసిన నౌక సుమారు 57 కిలోమీటర్ల యెత్తునకు దిగిపోయి, మరల పలుకలేదు. జవాబు ప్రక్క కొలత వ్రాయనిచో మార్కులు తగ్గించు భౌతికశాస్త్రోపాధ్యాయులపై అలుగు బాలురు ఈ సంగతి చదువుదురు గాక!

ఒకసారి పదిమంది నమ్ముకొనిన ఇంటర్‌ఫేసును మార్చుట మిక్కిలి కష్టము. లోపలిదానిని ఎన్నిమారులైనను మార్చవచ్చును. ముఖమును మార్చినచో దానికి తగిలించినవన్నియు ఊడిపోవును. అందుచేత తెలిసినవారు పాతదానిని నిలిపియుంచి, దాని ప్రక్కనే క్రొత్తదానిని చేర్చుదురు. విట్‌వర్త్ బోల్టులు ఇప్పుడు చాలవఱకు మెట్రిక్ బోల్టులకు చోటిచ్చినవి. మీ పెరటి కొళాయిని బిగించిన ఇనుపగొట్టపు చివర చూడుడు: ఆ చుట్ల కోణము నేటికిని 55 డిగ్రీలే.