పిన్ను పోతే పోనీ

రాణిగంజ్, సికింద్రాబాద్



మన బి-275 ట్రాక్టరు బ్రేకు పిన్ను ఊడి రావట్లేదని, పొద్దున్నుంచీ సుత్తె పట్టుకుని దాని మీద పడ్డావని మీ అమ్మ ఫోన్ చేసింది. సుత్తె పక్కన పెట్టి ముందు ఇది చదువు.

మహీంద్రా వాళ్లు ఇంటర్నేషనల్ హార్వెస్టర్‌తో కలిసి ట్రాక్టర్ల కంపెనీ పెట్టింది 1963లో. ఆ జోడీ మనకిచ్చిన బండి అది. దాని సామాను ఇప్పటికీ మా బజార్లో అడిగితే దొరుకుతుంది. కాబట్టి పిన్ను మీద ప్రేమ వద్దు. పిన్ను కూర్చునే హోల్‌ను కాపాడుకో. హోల్ సాగినా, లివర్ చెవి పగిలినా వెల్డింగు, లేత్ పని, బుష్షు అంటూ తిరగాల్సి వస్తుంది.

ఎందుకు పట్టేసిందో తెలుసా? కరిగెటలో కేజ్‌వీల్స్‌తో తిప్పి, బురద కడక్కుండా, గ్రీజు పెట్టకుండా షెడ్డులో నిలబెట్టేస్తారు. తుప్పు ఇనుముకంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. సందులేని చోట అది పుట్టిందంటే పిన్ను బిగుసుకోక ఏం చేస్తుంది? దాని కొస మీద ఎంత కొడితే అంత పుట్టగొడుగులా విచ్చుకుని ఇంకా రాకుండా పోతుంది.

బండిని చదును నేల మీద పెట్టి, చక్రాలకు ముందూ వెనకా రాళ్లు వెయ్యి. వైరు బ్రష్‌తో మట్టి గీకి స్ప్లిట్ పిన్ను తీసెయ్. రస్ట్ ఆయిల్ రెండు వైపులా పోసి రాత్రంతా వదిలెయ్. అది దొరక్కపోతే డీజిలే పొయ్యి. కానీ బ్రేకు లైనింగు మీద చుక్క పడకూడదు, గుడ్డ అడ్డం పెట్టు. తెల్లారి పిన్నును కొట్టడం కాదు, తలను గ్రిప్ ప్లయర్‌తో పట్టి అటూ ఇటూ తిప్పాలి. వెంట్రుకంత కదిలినా సగం పని అయినట్టే. మళ్లీ ఆయిల్, మళ్లీ తిప్పుడు. ఆ తర్వాతే ఇత్తడి కడ్డీ ఆనించి, చెవికి అవతలి వైపు బరువైన సుత్తె అదిమిపెట్టి, మెల్లగా కొట్టు.

అప్పటికీ రాకుంటే గ్యాస్ మంట. ఆయిలంతా తుడిచాకే సుమా! కాల్చాల్సింది పిన్నును కాదు, దాని చుట్టూ ఉన్న చెవిని. చెవి వ్యాకోచిస్తే పిన్ను వదులవుతుంది. ఈ పని మాత్రం వెల్డింగు మనిషి చేతనే చేయించు. దగ్గర్లో డీజిల్ ట్యాంకు ఉందని మరిచిపోకు.

కొత్త పిన్ను కోసం పాతదాని కొలత ఒక్కటే పంపితే లాభం లేదు, అది అరిగి ఉంటుంది. హోల్ కొలత కూడా పంపు. పిన్ను బదులు మేకో బోల్టో దూర్చావంటే నేను ఊరుకోను.

అసలు భయం వేరే ఉంది. పొలంలో గట్టు దగ్గర తిరగడానికి ఒక్కో చక్రానికి ఒక్కో పెడలు వాడతాం, రోడ్డు మీద లాచ్ వేసి రెండూ కలుపుతాం. ఒక వైపు పిన్ను పట్టేస్తే లాచ్ వేసినా ఒక్క చక్రమే ఆగుతుంది. వెనక ధాన్యం ట్రాలీ నెడుతుంటే బండి అడ్డం తిరిగి పల్టీ కొడుతుంది.

రెండు బ్రేకులూ సమంగా పడుతున్నాయని ఖాళీ బండితో చూసుకునేదాకా ట్రాలీ కట్టి రోడ్డెక్కకు.

మీ మామ