కట్లపాము రాత్రిపూటే వస్తుంది

ప్రశ్న: హైదరాబాద్ వదిలి ఊళ్లో పొలం దగ్గరే ఇల్లు కట్టుకున్నాం. గేదెలు, మేకలు, కోళ్లు, కుక్క ఉన్నాయి. మా ఐదేళ్ల బాబు రోజంతా వాటి వెంటే. పాములు కూడా కనిపిస్తున్నాయి. ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?

జవాబు: బాబును పశువులకు దూరం చేయకండమ్మా. కోళ్లకు గింజలు చల్లే పని వాడికే అప్పగించండి. కొత్తగా ఈనిన గేదె దగ్గరికి మాత్రం ఒంటరిగా పంపొద్దు. ఎంత సాధువైనా దూడ జోలికొస్తే కుమ్ముతుంది. పచ్చిపాలు పట్టకండి, బాగా కాచాకే ఇవ్వండి.

నా దిగులంతా రాత్రి గురించే. కట్లపాము చీకటి పడ్డాకే తిరుగుతుంది, నేలమీద పడుకున్నవాళ్లను నిద్రలోనే కరుస్తుంది. చాలాసార్లు నొప్పి, వాపు ఉండవు, గాటూ కనిపించదు. తెల్లవారుజామున పిల్లాడు కడుపునొప్పి అంటున్నా, కనురెప్పలు వాలిపోతున్నా అజీర్తి అనుకుని వాము నీళ్లు పట్టిస్తూ కూర్చోకండి. మంత్రాలు, కట్లు, కోతలు వద్దు. కదలనివ్వకుండా యాంటీవీనమ్ ఉన్న ఆసుపత్రికి వెంటనే తీసుకెళ్లండి. బాబును మంచం మీదే పడుకోబెట్టి, దోమతెర అంచులు పరుపు కిందికి దోపండి. గడ్డివాము, కట్టెల మోపులు ఇంటి గోడకు ఆనించొద్దు. ఎలుకలు చేరితే పాములూ చేరతాయి.

కుక్కకు ఏటా రేబిస్ టీకా వేయించండి. ఏ కుక్క కరిచినా, గీరినా, సబ్బుతో ధారకింద 15 నిమిషాలు కడిగి, ఆ రోజే బాబుకు టీకా మొదలుపెట్టించాలి. తిడతారని పిల్లలు కుక్కకాటు దాచేస్తారు. చెబితే కోప్పడమని ఇప్పుడే వాడికి మాటివ్వండి.