కీలు నొక్కినా అక్షరం ఎందుకు పడదు?

ఈ వార్షికోత్సవ సంచికకు వచ్చిన రచనలను పై తరగతుల వాళ్లం మేమే, హాస్టల్లోని పాత లైనక్స్ కంప్యూటర్ మీద టైపు చేశాం. ఏడో తరగతి తమ్ముడొకడు తన వ్యాసం తానే కొడతానని కూర్చున్నాడు. వాళ్లమ్మ మిరపకోతలకు వెళ్లడం గురించి రాసుకున్నాడు. అర పేజీ అయ్యాక ఎన్ని కీలు నొక్కినా తెర మీద ఏమీ పడలేదు. "అన్నా, నేనేదో చెడగొట్టాను" అని భయపడి లేచిపోయాడు. వాడు చెడగొట్టిందేమీ లేదు. జరిగిందేమిటో అందరికీ తెలియాలని ఈ పాఠం రాస్తున్నాం.

ఫోకస్ అంటే ఏమిటి?

తెర మీద ఎన్ని విండోలు తెరిచి ఉన్నా, నొక్కిన కీ ఒక్కదానికే చేరుతుంది. ఆ విండోకి కీబోర్డు ఫోకస్ ఉందంటారు. ఇంగ్లీషు అక్షరమైతే నేరుగా వెళ్లి పడుతుంది. ఇంగ్లీషు కీలతో ఉచ్చారణను బట్టి తెలుగు కొట్టేటప్పుడు మాత్రం మధ్యలో 'ఇన్‌పుట్ మెథడ్' అనే ప్రోగ్రామ్ పనిచేస్తుంది. లైనక్స్‌లో స్కిమ్, ఐబస్ అలాంటివే.

గుంటూరు మిర్చి యార్డు చూసినవాళ్లకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. రైతు తెచ్చిన టిక్కీలకు, కొనే వ్యాపారికి మధ్య కమీషన్ ఏజెంటు ఉంటాడు. అలాగే 'కె' నొక్కగానే ఇన్‌పుట్ మెథడ్ దాన్ని తన దగ్గరే ఆపుకుంటుంది. 'ఐ' కలిస్తే 'కి', 'యు' కలిస్తే 'కు' అని తేల్చుకొని విండోకి అప్పగిస్తుంది. అందాకా ఆ అక్షరం చాలాసార్లు కింద గీతతో కనిపిస్తుంది.

చిక్కు ఎక్కడ వస్తుంది?

1. అక్షరం మధ్యవర్తి దగ్గర ఉండగానే ఫోకస్ ఇంకో విండోకి మారితే, ఆ అక్షరం పోవచ్చు, లేదా సగంలోనే పడిపోవచ్చు.

2. ఇన్‌పుట్ మెథడ్ చూపే చిన్న పెట్టె ఫోకస్ తీసుకోకూడదు. పొరపాటున తీసుకుంటే మనం రాసే విండో కీలు అందక ఊరుకుంటుంది.

3. కర్సర్ మినుకుతూనే ఉంటుంది, కీలు మాత్రం పడవు. ఫోకస్ తిరిగి వచ్చిన సంగతి మధ్యవర్తికి అందకపోతే ఇలా జరగవచ్చు. ఐబస్ 1.5.11 కంటే పాత వెర్షన్లతో కొన్ని జావా ప్రోగ్రాములలో కీబోర్డు పనిచేయకపోవడం తెలిసిన లోపమే.

4. పాత ఐబస్‌లో భాష మార్చడానికి కంట్రోల్, స్పేస్ కలిపి నొక్కాలి. లిబ్రెఆఫీస్ కాల్క్‌లో అదే నొక్కితే నిలువు వరుస మొత్తం ఎంపికవుతుంది. ఒకే కీలకు ఇద్దరు పోటీ! అందుకే తర్వాతి ఐబస్‌లో సూపర్, స్పేస్ పెట్టారు.

ఏం చేయాలి?

కీలు పడకపోతే గబగబా నొక్కవద్దు. రాసే చోట మౌసుతో ఒకసారి క్లిక్ చేసి, తెర అంచున భాష గుర్తు చూడండి. అప్పటికీ పడకపోతే మౌసుతోనే ఫైలు సేవ్ చేసి, ఇన్‌పుట్ మెథడ్‌ను మళ్లీ ప్రారంభించండి. కంప్యూటర్ ఆపనక్కరలేదు.

స్కాలర్‌షిప్ దరఖాస్తు నింపేటప్పుడు మరీ జాగ్రత్త. పాస్‌వర్డు పెట్టెలో చుక్కలే కనిపిస్తాయి కాబట్టి ఏ భాషలో పడిందో తెలియదు. ఫోకస్ తప్పితే పాస్‌వర్డు పక్క విండోలో అందరికీ కనిపించేలా పడుతుంది. ముందు ఇంగ్లీషుకు మార్చి, కర్సర్ ఎక్కడుందో చూసి, ఆ తర్వాతే కొట్టండి.

ఇన్‌స్క్రిప్ట్ నేర్చుకుందాం

1991 నాటి భారతీయ ప్రమాణంలో ఉన్న ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డులో ఒక్కో తెలుగు గుర్తుకు ఒక్కో కీ ఉంటుంది. 'క్ష' కావాలంటే క, పొల్లు, ష వరుసగా కొట్టవచ్చు. మూడింటినీ కలిపి చూపే పని ఫాంటుది, అక్షరాలను అమర్చే ప్రోగ్రాముది. వేల అక్షరాలున్న చైనా భాషకు జాబితాలోంచి ఏరి ఇచ్చే మధ్యవర్తి తప్పనిసరి. మనకు ఇన్‌స్క్రిప్ట్ వస్తే ఆ ఏరే పని ఉండదు. అక్షరం మధ్యలో ఆగిపోయే చిక్కు చాలావరకు తప్పుతుంది. మాకూ మొదట్లో వేళ్లు తిరగలేదు, రోజూ కాసేపు కొట్టగా అలవాటయింది.

ఆ రోజు ఇన్‌పుట్ మెథడ్‌ను మళ్లీ ప్రారంభించగానే అక్షరాలు పడ్డాయి. అర పేజీ అలాగే భద్రంగా ఉంది. తమ్ముణ్ణి పిలిచి అదే కుర్చీలో కూర్చోబెట్టాం. వాడి వ్యాసం ఈ సంచికలోనే ఉంది, చదవండి. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! యంత్రం మొరాయిస్తే తప్పు మనదేనని లేచిపోవద్దు. కారణం ఏమిటో అడిగి తెలుసుకోండి.