తోటలు – గ్రంథాలు

ఉద్దేశం

తోట పెంపకం అనుభవంతో అలవడే విద్య. ఆ అనుభవం అక్షరబద్ధమైతేనే తరువాతి తరాలకు నిలుస్తుంది. మొక్కలను గురించి, తోటల పోషణను గురించి వెలువడిన కొన్ని ముఖ్య గ్రంథాలను శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నేపథ్యంలో పరిచయం చేయడం, ఇంకా రాయవలసినది ఏదో విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

శ్రీకాకుళం జిల్లా ఈశాన్య భాగంలో, ఒకవైపు మహేంద్రగిరి, మరొకవైపు బంగాళాఖాతం హద్దులుగా ఉన్న పచ్చని నేలను ఉద్దానం అంటారు. కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు వంటి మండలాలలో కొబ్బరి, జీడిమామిడి, పనస, మామిడి తోటలు ఒకదానినొకటి ఆనుకొని ఉంటాయి. 'విద్య' అనే మాట వాడుకలో 'విద్దె' అయినట్లే 'ఉద్యానం' అనే మాట 'ఉద్దానం' అయిందని చెబుతారు. ఒక ప్రాంతమంతటికీ తోట అనే అర్థంగల పేరు రావడం అక్కడి ప్రజల శ్రమకు దక్కిన గౌరవం.

2018 అక్టోబరు 11వ తేదీ తెల్లవారుజామున తిత్లీ తుఫాను ఈ తీరాన్నే దాటింది. తాతల కాలంలో నాటిన కొబ్బరి చెట్లు కొన్ని గంటలలో నేలకూలాయి. కొబ్బరికి పెరిగే మొన ఒక్కటే. అది తల మీది మొవ్వు. మామిడి కొమ్మ విరిగితే మరొక చిగురు వేస్తుంది. కొబ్బరి మొవ్వు విరిగితే చెట్టు బతకదు. కొత్తగా నాటిన పొడవు రకం కొబ్బరి కాపుకు రావడానికి సుమారు 6, 7 సంవత్సరాలు పడుతుంది. నిండు కాపుకు మరికొన్నేళ్లు ఆగాలి. అందుచేత ఆనాడు రైతు కోల్పోయినది ఒక పంటను కాదు, ఒక తరం కష్టాన్ని. ఇటువంటి సమయంలో ఒక ప్రశ్న ఉదయిస్తుంది: చెట్టు కూలినా దానిని పెంచిన తెలివి కూలిపోకుండా నిలిపేది ఏది? ఈ ప్రశ్నకు సమాధానం కోసం తోటల గ్రంథాల చరిత్రను పరిశీలించాలి.

ప్రాచీన వృక్షాయుర్వేదం

చెట్ల పోషణను మన పూర్వులు ఒక శాస్త్రంగా భావించి, దానికి 'వృక్షాయుర్వేదం' అని పేరు పెట్టారు. క్రీ.శ. 6వ శతాబ్దానికి చెందిన వరాహమిహిరుడు తన 'బృహత్సంహిత'లో ఒక అధ్యాయాన్ని దీనికి కేటాయించాడు. చెట్టుకూ చెట్టుకూ మధ్య 20 హస్తాల దూరం ఉత్తమమనీ, 16 హస్తాలు మధ్యమమనీ, 12 హస్తాలు కనిష్ఠమనీ ఆయన నిర్ణయించాడు. చెట్లు దగ్గరగా ఉంటే పైన కొమ్మలు ఒరుసుకొని, కింద వేళ్లు పెనవేసుకొని సరిగా కాయవని కారణం కూడా తెలిపాడు. హస్తం అంటే మూర. అంటే సుమారు అడుగున్నర. ఈ లెక్కన 20 హస్తాలు 30 అడుగులు, 16 హస్తాలు 24 అడుగులు అవుతాయి. నేడు సంప్రదాయ పద్ధతిలో మామిడికి సుమారు 10 మీటర్లు, కొబ్బరికి సుమారు 8 మీటర్ల ఎడం ఇస్తున్నారు. ఆ పాత కొలతలు ఈ లెక్కకు ఎంత దగ్గరగా ఉన్నాయో గమనించదగినది.

తరువాతి కాలంలో సురపాలుడు 'వృక్షాయుర్వేదం' పేరుతోనే ఒక ప్రత్యేక గ్రంథాన్ని సంస్కృతంలో రచించాడు. నేల స్వభావం, విత్తనశుద్ధి, గుంతల తవ్వకం, నీరు పెట్టే పద్ధతి, చెట్లకు వచ్చే తెగుళ్లు, వాటి చికిత్స ఇందులోని విషయాలు. మనుషుల వలెనే చెట్లకు కూడా వాత, పిత్త, కఫ దోషాలవల్ల రోగాలు వస్తాయని ఈ గ్రంథం భావిస్తుంది. జంతు పదార్థాలను మరిగించి, పులియబెట్టి తయారుచేసే 'కుణపజలం' అనే ద్రవరూప ఎరువును ఇది వర్ణిస్తుంది. ఈ గ్రంథం వ్రాతప్రతి ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డు బోడ్లియన్ గ్రంథాలయంలో భద్రంగా ఉండగా, సికింద్రాబాదులోని ఏషియన్ అగ్రి-హిస్టరీ ఫౌండేషన్ 1996లో దానిని ఆంగ్లానువాదంతో ప్రచురించింది. ప్రాచీనులు చెప్పిన ప్రతి మాటనూ నేటి శాస్త్రం అంగీకరించదు. అయితే చెట్టును ప్రాణిగా చూసి, దాని ఆకలినీ, రోగాన్నీ పరిశీలించిన ఆ దృష్టి నేటికీ ఆదర్శప్రాయమే.

తీరాంధ్ర మొక్కల చిత్రగ్రంథం

పద్దెనిమిదవ శతాబ్ది చివరి భాగంలో ఉత్తర సర్కారుల వృక్షసంపద పాశ్చాత్య శాస్త్రజ్ఞులను ఆకర్షించింది. ఈస్టిండియా కంపెనీ వైద్యుడు ప్యాట్రిక్ రస్సెల్ 1780వ దశకంలో విశాఖపట్నంలో నివసించాడు. పాములను, చేపలను పరిశీలించి గ్రంథాలు రచించిన ఈయన, ఈ తీరంలోని ఉపయోగకరమైన మొక్కలను గురించి కూడా ఒక గ్రంథం వెలువడాలని సూచించాడు. ఆ కార్యాన్ని నెరవేర్చినవాడు విలియం రాక్స్‌బరో. 1751లో స్కాట్లండులో జన్మించిన రాక్స్‌బరో 1781 నుండి గోదావరి ప్రాంతంలోని సామర్లకోటలో ఉంటూ తోటలు వేశాడు. మిరియం, కాఫీ, నీలి వంటి మొక్కలను పెంచి పరీక్షించాడు. 1793లో కలకత్తా వృక్షోద్యానానికి అధిపతిగా వెళ్లాడు.

1787లో వచ్చిన ఉప్పెనలో రాక్స్‌బరో అంతవరకు సేకరించిన పుస్తకాలు, కాగితాలు, ఎండుమొక్కల నమూనాలు నాశనమైనాయి. ఆయన నిరాశ చెందక మళ్లీ మొదటినుండి సేకరణ ప్రారంభించాడు. ఫలితంగా 1795 నుండి 1820 వరకు మూడు సంపుటాలలో, 300 చిత్రాలతో 'కోరమాండల్ తీరపు మొక్కలు' అనే మహాగ్రంథం లండనులో వెలువడింది. ఈ చిత్రాలకు మూలమైన బొమ్మలను గీసినవారు భారతీయ చిత్రకారులు. వారి పేర్లు మాత్రం పుస్తకంలో కనిపించవు.

రాక్స్‌బరో ఒక మొక్కను వర్ణించేటప్పుడు దాని తెలుగు పేరును కూడా నమోదు చేసేవాడు. బురద నీటిని తేటపరిచే చిల్లగింజ, అద్దకానికి ఎర్రరంగునిచ్చే చిరివేరు, నిప్పువంటి పూలుపూసే మోదుగ ఆ గ్రంథంలో చోటు చేసుకున్నాయి. జ్వరాలకు మందుగా వాడిన బెరడుగల సోమిద చెట్టు తెలుగు పేరునుండే 'సోయ్‌మిడా' అనే శాస్త్రీయ నామం పుట్టింది. ఒక తెలుగు మాట ఈ విధంగా ప్రపంచ వృక్షశాస్త్రంలో శాశ్వత స్థానం పొందింది.

పేర్ల నిఘంటువు

రాక్స్‌బరో తరువాత తెలుగు మొక్కలకు గొప్ప సేవ చేసినవాడు సర్ వాల్టర్ ఇలియట్. 1845 నుండి 1854 వరకు ఉత్తర సర్కారుల కమిషనరుగా పనిచేసిన ఇలియట్ అమరావతి శిల్పాలను వెలికితీయించినవాడుగా చరిత్రలో ప్రసిద్ధుడు. ఆయన 1859లో మద్రాసునుండి 'ఫ్లోరా ఆంధ్రికా' అనే గ్రంథాన్ని ప్రకటించాడు. ఉత్తర సర్కారులలోని తెలుగు జిల్లాలలో సాధారణంగా కనిపించే మొక్కల దేశీయ నామాలను శాస్త్రీయ నామాలతో జతపరచిన జాబితా ఇది. నేటి శ్రీకాకుళం నాటి గంజాం జిల్లాలోను, విజయనగరం నాటి విశాఖపట్నం జిల్లాలోను ఉండేవి. అందుచేత ఈ గ్రంథాన్ని ఉత్తరాంధ్ర చెట్ల పేర్లకు పాత చిట్టా అని కూడా భావించవచ్చు.

పేర్లను జతపరచడం చిన్న పనివలె కనిపించినా దాని ప్రయోజనం పెద్దది. ఉదాహరణకు, మన్యంలో జీలుగు అంటే కల్లునిచ్చే తాటిజాతి వృక్షం. పల్లపు పొలాలలో జీలుగ అంటే పచ్చిరొట్ట ఎరువుకోసం చల్లే చిన్న మొక్క. దాదాపు ఒకే పేరుతో పిలిచే ఈ రెండింటికీ పోలిక లేదు. మందుమొక్కల విషయంలో ఇటువంటి పొరపాటు జరిగితే ప్రాణాపాయం కలగవచ్చు. శాస్త్రీయ నామం ఆ పొరపాటును తొలగిస్తుంది. దేశీయ నామం ఆ మొక్కను ప్రజల అనుభవంతో కలుపుతుంది. రెండూ పక్కపక్కన ఉన్నప్పుడే జ్ఞానం సంపూర్ణమవుతుంది.

దేశీయ నామాలలో పరిశీలన దాగి ఉంటుంది. జీడిమామిడి బ్రెజిలు దేశపు చెట్టు. 16వ శతాబ్దంలో పోర్చుగీసువారు దానిని భారతదేశానికి తెచ్చారు. ఆ కొత్త చెట్టును చూసిన తెలుగువారు, దాని గింజ పెంకులోని కమిలించే రసాన్నిబట్టి, తమకు తెలిసిన నల్లజీడిని, దాని పండునుబట్టి మామిడిని గుర్తుచేసుకొని 'జీడిమామిడి' అన్నారు. వృక్షశాస్త్రం ప్రకారం జీడిమామిడి, నల్లజీడి, మామిడి మూడూ ఒకే కుటుంబానికి చెందినవి. శాస్త్రజ్ఞులు వర్గీకరణతో నిర్ధారించిన బంధుత్వాన్ని ప్రజలు ఒక సమాసంలో చెప్పారు. నేడు పలాస పట్టణానికి జీడిపప్పు పరిశ్రమవల్ల వచ్చిన ప్రసిద్ధి అందరికీ తెలిసినదే.

ఇరవయ్యవ శతాబ్ది గ్రంథాలు

ఇరవయ్యవ శతాబ్దంలో ఈ కృషి కొనసాగింది. గ్యాంబుల్ ప్రారంభించి, ఫిషర్ పూర్తిచేసిన 'మద్రాసు రాజధాని వృక్షసంపద' 1915, 1936 సంవత్సరాల మధ్య వెలువడింది. గంజాం నుండి దక్షిణాగ్రం వరకు గల మొక్కలకు నేటికీ అది ప్రామాణిక గ్రంథం. ఒక్క శ్రీకాకుళం జిల్లా మొక్కలకే ప్రత్యేకించిన 'శ్రీకాకుళం జిల్లా వృక్షసంపద' అనే గ్రంథాన్ని ఆర్.ఎస్. రావు, ఎస్.హెచ్. శ్రీరాములు 1986లో ప్రకటించారు. ఇవన్నీ ఆంగ్లంలో ఉన్నాయి. మొక్కను గుర్తించడానికి ఇవి తోడ్పడతాయి. దానిని ఎలా పెంచాలో చెప్పడం వీటి లక్ష్యం కాదు. ఆ లోటును కొంతవరకు తీర్చినవి తెలుగు వ్యవసాయ పత్రికలు. 1969లో ప్రారంభమైన 'అన్నదాత' వంటి మాసపత్రికలు సామాన్య రైతుకు అర్థమయ్యే భాషలో ఎరువులు, తెగుళ్లు, అంట్లు మొదలైన విషయాలను చేరవేశాయి.

అక్షరబద్ధం కావలసిన అనుభవం

పుస్తకాలలో చేరని జ్ఞానం పల్లెలలో ఇంకా ఎంతో ఉంది. తుఫాను తరువాత చేయవలసిన పనులనే తీసుకోవచ్చు. వేళ్లు పూర్తిగా తెగకుండా వాలిపోయిన లేత మొక్కలను నిలబెట్టి, మొదట మట్టి ఎగదోసి, ఊతకర్రలు కడితే అవి బతికే అవకాశం ఉంది. కూలిన కొబ్బరి మానులను తోటలోనే కుళ్లనిస్తే వాటిలో కొమ్ముపురుగు వృద్ధిచెంది, మిగిలిన చెట్ల మొవ్వులను తొలుస్తుంది. కాబట్టి వాటిని త్వరగా తొలగించాలి. సముద్రపు గాలిని తట్టుకోవడానికి తీరం వెంట సరుగుడు, తాటి చెట్లను వరుసలుగా పెంచాలి. ఒకే పంటను నమ్ముకోక, కొబ్బరితోపాటు పనస, మామిడి, అరటి వంటివి కలిపి పెంచితే నష్టం వచ్చినప్పుడు కొంతైనా ఆసరా మిగులుతుంది. ఈ సూత్రాలు శాస్త్రజ్ఞులకు తెలుసు. కానీ ఏ దిబ్బమీద ఏ చెట్టు నిలిచింది, ఏ గాలికి ఏ వైపు చెట్లు కూలాయి, ఏ బావి నీరు ఏ మొక్కకు సరిపడింది అనే స్థానిక వివరాలు ఆ ఊరి వృద్ధులకే తెలుసు. ఉపాధికోసం యువకులు దూరప్రాంతాలకు వెళ్లిన కొద్దీ ఆ వివరాలను అడిగేవారు, వినేవారు తగ్గుతారు. అడిగేవారు లేని జ్ఞానం ఆ వృద్ధులతోనే అంతరిస్తుంది.

ఈ సందర్భంలో గిడుగు రామమూర్తి పంతులుగారి కృషి స్మరణీయం. శ్రీకాకుళం ప్రాంతంలో జన్మించిన ఆయన సవరల మధ్య తిరిగి, లిపిలేని వారి భాషను నేర్చుకొని, 1931లో వ్యాకరణాన్ని, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువును ప్రకటించారు. నోటిమాటగా మాత్రమే ఉన్నదానిని శ్రద్ధతో విని, రాసి నిలపడం సాధ్యమని ఆయన జీవితం నిరూపించింది. భాషకు జరిగిన ఆ మేలు తోటకూ జరగాలి.

ఈ పని విద్యార్థులకు అసాధ్యం కాదు. ప్రతి విద్యార్థి తన ఊరిలోని పది చెట్లను ఎన్నుకొని, వాటి స్థానిక నామం, శాస్త్రీయ నామం, పూతకాలం, కాపుకాలం, వచ్చే తెగులు, ఇంటివారు చేసే చికిత్స, గాలివానకు తట్టుకొనే శక్తి ఒక పుస్తకంలో రాసుకోవచ్చు. చెప్పినవారి పేరును కూడా వారి అనుమతితో తప్పక రాయాలి. రాక్స్‌బరో చిత్రకారుల వలె వారు పేరులేనివారుగా మిగిలిపోకూడదు. విజయనగరం సువర్ణరేఖ మామిడి, ఉద్దానం పనస, మన్యంలోని జీలుగు ఈ విధంగా ఒక్కొక్క పుటలో చేరితే అది ఆ ప్రాంతానికి తగిన ఉద్యాన గ్రంథమవుతుంది.

1787లో ఉప్పెన పుస్తకాలను ముంచింది. 2018లో తుఫాను చెట్లను కూల్చింది. పుస్తకం పోయినప్పుడు చెట్లను చూసి మళ్లీ రాసుకున్నారు. చెట్లు పోయినప్పుడు పుస్తకాన్ని చూసి మళ్లీ నాటుకోవాలి. అందుకు ఆ పుస్తకం తెలుగులో, రైతుకు అందుబాటులో, అతని అనుభవంతో నిండి ఉండాలి. దానిని సిద్ధం చేయవలసిన బాధ్యత నేటి విద్యావంతులదే.

అభ్యాసం

వ్యాసరూప సమాధాన ప్రశ్నలు

1. తీరాంధ్ర మొక్కలను గురించి రాక్స్‌బరో, ఇలియట్ చేసిన కృషిని వివరించండి.
2. స్థానిక తోటల అనుభవాన్ని అక్షరబద్ధం చేయవలసిన అవసరాన్ని పాఠం ఆధారంగా చర్చించండి.

సంగ్రహ సమాధాన ప్రశ్నలు

1. చెట్ల మధ్య ఉండవలసిన దూరం గురించి వరాహమిహిరుడు ఏమని చెప్పాడు? కారణమేమి?
2. 'జీడిమామిడి' అనే పేరులో దాగిన పరిశీలనను తెలపండి.
3. తుఫాను తరువాత కొబ్బరి తోటలో తీసుకోవలసిన జాగ్రత్తలు ఏవి?

ఏకవాక్య సమాధాన ప్రశ్నలు

1. కొబ్బరి మొవ్వు విరిగితే చెట్టు ఎందుకు బతకదు?
2. 'ఫ్లోరా ఆంధ్రికా' ఏ సంవత్సరంలో వెలువడింది?
3. 'సోయ్‌మిడా' అనే శాస్త్రీయ నామానికి మూలమైన తెలుగు పేరు ఏది?