సాదా కాగితం

ఆసిఫాబాద్

బిడ్డా,

ఫోన్ల సగం మాటలే వినపడ్డయి, అందుకే రాస్తున్న. 1/70 చట్టం స్వేచ్ఛకు విరుద్ధమని మీ క్లాసుల ఒకాయన వాదిస్తే జవాబు చెప్పలేకపోయిన అన్నవు. ఆయన మాట కొట్టిపారేసేది కాదు. ఏజెన్సీ భూమి గిరిజనేతరుల చేతికి పోవద్దని 1959ల వచ్చిన రెగ్యులేషన్‌ను 1963ల మన దిక్కు అమలుల పెట్టిన్రు. 1970 సవరణ, అదే ఈ 1/70, ఇంకో అడుగు ముందుకేసి, గిరిజనేతరులు తమల తాము అమ్ముకునుడు గూడ ఆపింది. వాళ్ల దగ్గరున్న భూమి గిరిజనుల నుంచే వచ్చిందనుకోవాలె, కాదంటే వాళ్లే రుజువు చెయ్యాలె అన్నది. సొంత భూమిని ఇష్టమొచ్చినోనికి అమ్ముకోనియ్యని చట్టాన్ని ఉదారవాది ఎట్ల ఒప్పుకుంటడు?

పుస్తకాలు తెరిచే ముందు నా సంగతి ఒకటి విను. 1974ల నాకు ఇరవై ఏండ్లు. చేతిరాత మంచిగుంటదని ఒక వ్యాపారి పిలిస్తే కెరమెరి దిక్కు ఒక ఊరికి పోయిన. రిజిస్ట్రీ అయ్యేది కాదు కద, సాదా కాగితమే. నాలుగెకరాల చెల్క. విత్తనాలకు, జొన్నలకు తెచ్చిన బాకీ మిత్తితోని పెరిగి భూమి ధర దాక వచ్చింది. గోండు ముసలాయనకు తెలుగు అరకొర, చదువు రాదు. రాసింది చదివి వినిపిస్తే తల ఊపిండు. ఆయన బొటనవేలు నేనే పట్టుకొని ఇంకు ప్యాడ్ మీద అద్దిన. వేలి గీతలల్ల మన్ను ఉండి మొదటి ముద్ర సరిగ పడలే, రెండోసారి ఒత్తిపిచ్చిన. రుమాలుకు వేలు తుడుచుకుంట, "ఇగ బాకీ లేదు కద" అని అడిగిండు. నాకు అయిదు రూపాయలు ముట్టినయి. మరుసటి వానకాలం ముసలాయన ఆ చెల్కలనే జీతం ఉన్నడు.

ఎవరూ బలవంతం చెయ్యలే. మీ క్లాసాయన లెక్కల అది స్వేచ్ఛగ చేసుకున్న ఒప్పందమే.

దానికన్న ముందటి ముచ్చట: 1940ల జోడేఘాట్‌ల గోండు నాయకుడు కొమురం భీం ప్రాణం పోయినంకనే నిజాం సర్కారు మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌ను పంపి గోండుల గోస విన్నది. పట్టాలు గూడ ఇచ్చిన్రు. అసువంటి పట్టాలే తర్వాత నా అసువంటోళ్లు రాసిన కాగితాల మీద జారిపోయినయి.

తత్వవేత్త మిల్ 1859ల స్వేచ్ఛ గురించి రాసిన పుస్తకంల ఒక చిక్కు ఉన్నది: మనిషి తనను తాను బానిసగ అమ్ముకోవచ్చునా? కూడదంటడు. స్వేచ్ఛను వదులుకునేటందుకు స్వేచ్ఛ పేరు చెప్పుడు కుదరదంటడు. భూమి మనిషి కాదు, నిజమే. కాని నాలుగెకరాలు పోయినంక ముసలాయనకు దేనికన్న "వద్దు" అనే తాకత్ ఎంత మిగిలింది? అట్లని మిల్‌ను నెత్తిన పెట్టుకోకు. ముప్పై ఏండ్లకు పైన ఈస్టిండియా కంపెనీల కొలువు చేసినోడు. నాగరికత అందని జాతులకు ఈ స్వేచ్ఛ వర్తించదని అదే పుస్తకంల రాసిండు. మన చట్టం మీద గూడ నీకు ఆ అనుమానం రావాలె: "నీకు తెల్వదు, నేను కాపాడుత" అనే పెద్దరికం దాంట్ల లేదా? నన్నడిగితే కొంత ఉన్నది. కాని ఆ బేరంల ఒక దిక్కు బాకీ చిట్టా, కచ్చేరి భాష, నా చేతిరాత. ఇంకో దిక్కు ఆకలి. చట్టం ఎక్కువగ పట్టుకున్నది కొనేవాని చెయ్యినే. మన రాజ్యాంగం 19వ అధికరణంల దేశంల ఎక్కడన్న తిరుగొచ్చు, ఉండొచ్చు అని హక్కు ఇచ్చి, షెడ్యూల్డ్ తెగల మేలు కోసం దానికి హద్దు పెట్టొచ్చని అక్కడనే రాసింది. మీ క్లాసాయనకు అది చూపెట్టు.

మన చట్టం వచ్చిన మరుసటేడు, 1971ల, న్యాయం మీద తత్వవేత్త రాల్స్ రాసిన పుస్తకం అచ్చయింది. ఎక్కడ పుడుతవో తెల్వకుండ చట్టం రాయుమంటడు. ఆసిఫాబాద్ బజార్ల వ్యాపారి కొడుకువో, కెరమెరి గుట్ట మీద కొలాం పిల్లవో తెల్వదు, 1/70 రాస్తవా? నేనైతే రాస్త. అయితే ఇంకో పుట్టుక గూడ లెక్కల పెట్టుకో: మూడు తరాల నుంచి ఏజెన్సీ ఊర్లనే బతుకుతున్న దళిత కూలి ఇల్లు, గుంటెడు భూమి కొందామన్న చట్టం ఒప్పుకోదు. అక్కడికొచ్చేసరికి నా కలం ఆగుతది.

దీపావళికి రా, గోండుల దండారి ఆట చూసేటందుకు పోదాం. ఆ ముసలాయన మనుమడు ఇప్పుడు డిగ్రీ చదువుతున్నడు, మీ క్లాసాయన తీరుగనే వాదిస్తడు. "మా భూమి మేము అమ్ముకోవద్దనేటందుకు మీరెవరు తాతా?" అని మొన్న నన్నే అడిగిండు. వాళ్ల తాత వేలు పట్టుకున్నది నేనేనని వానికి ఇంకా చెప్పలే.

మీ తాత